హెచ్‌ఐవీ మీద వాట్సాప్ గ్రూపు పెట్టాలా, వద్దా? విశాఖవాళ్ల సలహా కావాలి

పెదవాల్తేరు
శనివారం, సాయంత్రం 6:10

నమస్కారం అండీ. విశాఖలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్ల కోసం పనిచేసే ఒక చిన్న సంఘంలో నేను వలంటీర్‌ని. ఇన్నేళ్లూ మా పని అంతా మనుషుల్ని నేరుగా కలిసి చేసేదే. ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల, బీచ్ రోడ్డులో, పాత ఊరి లాడ్జీల దగ్గర మాట్లాడటం, కండోమ్‌లు ఇవ్వడం, ఒప్పుకున్నవాళ్లను కేజీహెచ్‌కి, అంటే కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రికి పరీక్షకు తీసుకెళ్లడం. ఇప్పుడు ఆ చోట్ల మాకు దొరికేవాళ్లు తగ్గారు. పరిచయాలు ఫోన్‌లోనే మొదలై ఫోన్‌లోనే నడుస్తున్నాయి. పాతికేళ్ల లోపు కుర్రాళ్లయితే మా కంటికి కనిపించడమే లేదు.

దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లు 25 లక్షల దాకా ఉంటారని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అంచనా. అందులో మహారాష్ట్ర తర్వాత ఎక్కువమంది మన రాష్ట్రంలోనే ఉన్నారు. అందుకే యూట్యూబ్‌లో చిన్న వీడియోలు, ఒక ఫేస్‌బుక్ పేజీ, మందులు వాడుతున్నవాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు పెడదామనుకుంటున్నాం. మొదటి రెండింటికీ ఎవరికీ అభ్యంతరం లేదు. గ్రూపు దగ్గరే మాలో మాకు పడటం లేదు. ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారని కొందరు, ఎవరి సంగతో వీధిన పడుతుందని కొందరు. ఈ పని తెలిసినవాళ్లు, ముఖ్యంగా మందులు వాడుతున్నవాళ్లు మీకేం అనిపిస్తుందో చెప్పండి.

పాతఊరు65
శనివారం, రాత్రి 7:02

అమ్మా, నేను ఆరోగ్య శాఖలో ప్రచార విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న హోర్డింగులు మీలో ఎంతమందికి గుర్తున్నాయో తెలియదు. ఊరంతా అదే మాట. టీ కొట్టు దగ్గర, బస్సులో, కాలేజీ గేటు ముందు జనం ఎయిడ్స్ అనే పేరు పైకి అన్నారు. అంతకుముందు ఆ మాట నోట రావాలంటేనే భయం. సంభాషణ మొదలుపెట్టడం ప్రచారం చేయగలిగిన పెద్ద పని, అది ఆ రోజుల్లో జరిగింది.

కానీ ఇంకోరకం పోస్టర్లు కూడా ఉండేవి. పుర్రె బొమ్మలు, ఎముకల గూడులా చిక్కిన మనిషి, ‘ఎయిడ్స్ అంటే మరణం’ అన్న రాతలు. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల్ని ఏఆర్‌టీ అంటారు. వాటిని ఉచితంగా ఇవ్వడం మన దేశంలో 2004 ఏప్రిల్ 1న మొదలైంది. మందులు వచ్చాయి, మనుషులు బతికారు, ఉద్యోగాలు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. జనం మనసులో మాత్రం ఆ పుర్రె అలాగే ఉండిపోయింది. మీ వీడియోల్లో భయపెట్టే బొమ్మ ఒక్కటి కూడా వద్దు. భయపడినవాడు పరీక్షకు రాడు, దాక్కుంటాడు. ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

డిజిటల్‌గాజువాక
శనివారం, రాత్రి 7:40

నేను చిన్న వ్యాపారాలకు సోషల్ మీడియా పేజీలు నడుపుతాను. మామూలుగా మేమిచ్చే సలహా ‘లైక్ చేయండి, కామెంట్ పెట్టండి, షేర్ చేయండి’. ఈ విషయంలో అది పనికిరాదు. హెచ్‌ఐవీ పేజీని లైక్ చేస్తే ఆ సంగతి వాళ్ల ఫ్రెండ్స్‌కి కనిపించే అవకాశం ఉంది. వెయ్యిమంది చూసి ఒక్కరు కూడా లైక్ కొట్టకపోయినా మీ వీడియో బాగా పనిచేస్తున్నట్టే లెక్క. పేజీకి ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో, వాళ్లలో ఎందరు పరీక్షకు వెళ్లారో, అదొక్కటే చూడండి.

నిత్యమాత్ర
శనివారం, రాత్రి 9:25

నేను చాలా ఏళ్లుగా ఏఆర్‌టీ మందులు వాడుతున్నాను. ఇక్కడ పేరు కనిపించదు కాబట్టే రాస్తున్నాను.

ఒకసారి నన్ను ఒక గ్రూపులో చేర్చారు. ఎవరు చేర్చారన్నది అనవసరం. ఒక్క మాట అడగలేదు. పొద్దున లేచి చూస్తే గ్రూపు పేరులోనే పాజిటివ్ అన్న మాట ఉంది, అందులో నా నంబరు ఉంది, నంబరు పక్కన మా పిల్లలతో దిగిన ఫొటో ఉంది. గ్రూపులో ఉన్నవాళ్లంతా నాలాంటివాళ్లే కదా, భయమెందుకు అంటారు కొందరు. నాలాంటివాళ్లే, కాదనను. కానీ వాళ్ల ఫోన్ వాళ్లొక్కరి చేతిలోనే ఉండదు. భర్త చూస్తాడు, తమ్ముడు చూస్తాడు, ఆన్‌లైన్ క్లాసని పిల్లవాడు తీసుకుంటాడు. నాకు తెలిసిన ఒకావిడ నంబరు అలాగే బయటికి పోయి, అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇంటాయన కారణం చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే ఆమెకు అర్థమైంది.

తెలిసిన మొదటి రాత్రి నాకు గ్రూపు అక్కర్లేదు. నాకు కావలసింది ఒక్క మనిషి. ఇక అన్నం వేరుగా తినాలా, పిల్లలకు ముద్దు పెట్టొచ్చా, ఇంకెన్నాళ్లు ఉంటాను, ఇవే ప్రశ్నలు తలలో తిరిగాయి. తెల్లారేవరకు ఎవరినీ అడగలేకపోయాను. ఆ రాత్రి నా ఫోన్‌లో నా భాషలో జవాబు చెప్పే మనిషి ఒకరుంటే నేను అంత ఏడ్చేదాన్ని కాదు. మీరు పెట్టగలిగితే అది పెట్టండి.

మద్దిలపాలెం
శనివారం, రాత్రి 9:41

నిత్యమాత్ర గారూ, మీరు రాసినందుకు చాలా థాంక్స్ అండీ. ఒక సందేహం. మందులు వాడుతుంటే భార్యకో భర్తకో సోకదని ఈమధ్య వీడియోల్లో చూస్తున్నాను. నిజమేనా? ఇది చెబితే జనం అజాగ్రత్తగా ఉంటారని మా ఫ్రెండ్ అంటాడు.

నిత్యమాత్ర
శనివారం, రాత్రి 10:05

నిజమే. మందు రోజూ వేసుకుంటుంటే చాలామందికి ఆరు నెలల్లోపు రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గిపోతుంది. దాన్ని వైరల్ లోడ్ పరీక్షతో చూస్తారు. అలా తగ్గి, తగ్గినట్టే ఉన్నంతకాలం లైంగికంగా ఎదుటివాళ్లకు సోకదు. యూరప్‌లో పార్ట్‌నర్ అనే అధ్యయనంలో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి ఇంకొకరికి లేని జంటలను ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లు కండోమ్ లేకుండా కలిసినా, మందుతో వైరస్ అదుపులో ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు. మిగతా సుఖవ్యాధులకు మాత్రం కండోమ్ కావాల్సిందే.

మీ ఫ్రెండ్‌కి చెప్పండి, ఈ మాట విన్నాకే నేను మందు మానకుండా వేసుకోవడం మొదలుపెట్టాను. నా మాత్ర నన్నే కాదు, మా ఆయన్ని కూడా కాపాడుతోందని తెలిస్తే ఎవరైనా ఎందుకు మానేస్తారు? పిల్లల విషయమూ అంతే. ఏ చికిత్సా లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. గర్భంలోనే మందులు మొదలుపెడితే అది 5 శాతం లోపుకు పడిపోతుంది. ఇలాంటివి వీడియోలో చెప్పండి. ఒక్క వీడియోకి ఒక్క సంగతి.

చట్టంమాట
శనివారం, రాత్రి 10:30

గ్రూపు విషయంలో చట్టం కూడా చూసుకోండి. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. నమ్మకం మీద చెప్పిన ఒకరి హెచ్‌ఐవీ సంగతిని వాళ్ల సమ్మతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. ఆ సమ్మతి కూడా అన్నీ తెలిసి ఇచ్చినదై, రాతలో నమోదై ఉండాలి. నోటిమాట చాలదు. మీ సంఘం నంబర్లు, పేర్లు రాసుకుంటుంటే ఆ వివరాలకు రక్షణ కల్పించే బాధ్యతా మీదే. అడగకుండా గ్రూపులో చేర్చడం మర్యాద తప్పడంతో పోయేది కాదు.

అలాగే హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల మీద ద్వేషం రెచ్చగొట్టే పోస్టు పెడితే మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది మీ పేజీలో ఒకచోట రాసి పెట్టండి. కోర్టుకెళితే పేరు బయటపడుతుందని చాలామంది వెనకాడతారు. పేరు గోప్యంగా ఉంచి విచారణ జరపమని కోరే వీలు ఆ చట్టంలోనే ఉంది.

కొత్తసభ్యుడు_వైజాగ్
శనివారం, రాత్రి 11:48

సారీ, టాపిక్ మారుస్తున్నాను. ఎక్కడ అడగాలో తెలియలేదు. నిన్న రాత్రి ఒకరితో కలిశాను, కండోమ్ చిరిగిపోయింది. తనకు హెచ్‌ఐవీ ఉందని, మందులు వాడటం ఆపేశానని ఇవాళ మెసేజ్ పెట్టింది. గూగుల్‌లో చూస్తే మూడు నెలలు ఆగి టెస్ట్ చేయించుకోమని ఉంది. మూడు నెలలు నేను ఎలా ఆగాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

ల్యాబ్‌కోటు
శనివారం, రాత్రి 11:55

తమ్ముడూ, ఆగొద్దు. సోకకుండా ఆపడానికి మందు ఉంది. పెప్ అంటారు. కలిసిన 72 గంటల లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. 28 రోజులు వాడాలి. నిన్న రాత్రే అంటున్నావు కాబట్టి ఇంకా టైముంది. కేజీహెచ్ క్యాజువాలిటీ రాత్రంతా తెరిచే ఉంటుంది. ఇప్పుడే వెళ్లి డ్యూటీ డాక్టర్‌కి ఇక్కడ రాసినట్టే చెప్పు, పెప్ గురించి అడుగు. అక్కడ కుదరకపోతే రేపు పొద్దున్నే ప్రైవేటు డాక్టర్‌తో రాయించుకుని కొనుక్కో. మందుల షాపులో సొంతంగా అడిగి వేసుకోవద్దు. కిడ్నీ, కామెర్ల సంగతి డాక్టర్ చూడాలి.

నువ్వు చదివిన మూడు నెలలు పరీక్షకు సంబంధించిన లెక్క. ఒంట్లో యాంటీబాడీలు తయారై ర్యాపిడ్ పరీక్షలో కనబడటానికి అంతకాలం పట్టొచ్చు. మందుకు మాత్రం గడువు మూడు రోజులే.

పెదవాల్తేరు
శనివారం, రాత్రి 11:58

బాబూ, పర్సనల్ మెసేజ్‌లో మా వాళ్ల నంబరు పంపాను. తోడు కావాలంటే ఒకరు వస్తారు. ఒంటరిగా వెళ్లగలిగితే అలాగే వెళ్లు, కానీ ఇప్పుడే బయల్దేరు. ఆమెను తిట్టుకోకు. నీకు చెప్పింది, దానివల్లే ఈ టైము దొరికింది. ఫోన్‌లో ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097 జాతీయ హెల్ప్‌లైన్, టోల్‌ఫ్రీ.

కొత్తసభ్యుడు_వైజాగ్
ఆదివారం, రాత్రి 12:07

వెళ్తున్నాను.

ల్యాబ్‌కోటు
ఆదివారం, ఉదయం 8:15

రాత్రి జరిగింది చూశారు కదా. పెప్ గురించి తెలుగులో ఒక నిమిషం వీడియో లేకపోవడం ఎంత లోటో అర్థమైందా? మీ మొదటి వీడియో ఇదే కావాలని నా అభిప్రాయం. ‘72 గంటలు’ అన్న అంకె తెర మీద పెద్దగా పడాలి.

నా పనిలో చూసే ఇంకో సంగతి. ఒక ప్రైవేటు ల్యాబ్ రిపోర్టుని వాట్సాప్‌లో పంపింది, ఫారంలో రాసిన నంబరు ఆ అమ్మాయిది కాదు, వాళ్ల మేనమామది. ఏమైందో ఊహించుకోండి. పైగా అది ఒక్క కిట్‌తో చేసిన పరీక్ష. ప్రభుత్వ కేంద్రంలో మొదటిది రియాక్టివ్ (హెచ్‌ఐవీ ఉండొచ్చన్న సూచన) వస్తే వేరే రకం కిట్లతో ఇంకో రెండు చేసి, మూడూ కలిస్తేనే పాజిటివ్ అని చెబుతారు. చెప్పేముందూ తర్వాతా కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు. ఫలితాన్ని ఫోన్‌లో పంపే పని మీరు మాత్రం పెట్టుకోవద్దు. పరీక్షకు రమ్మని పిలవడానికే ఫోన్ వాడండి, ఫలితం ఎదురుగా కూర్చుని చెప్పాలి.

ఏయూ_సోషల్‌వర్క్
ఆదివారం, ఉదయం 10:20

నేను ఈ అంశం మీదే చదువుతున్నాను. రెండు అధ్యయనాలు పక్కపక్కన పెట్టి చూస్తే మీ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది.

కెన్యాలో ఏఆర్‌టీ మొదలుపెట్టినవాళ్లకు వారానికి ఒకసారి ‘ఎలా ఉన్నారు?’ అని ఎస్ఎంఎస్ పంపారు. అందులో హెచ్‌ఐవీ అన్న మాట గానీ మందు పేరు గానీ లేదు. బాగున్నాననో, ఇబ్బందిగా ఉందనో జవాబివ్వాలి. ఇబ్బంది అన్నవాళ్లకూ, రెండు రోజుల్లో జవాబివ్వనివాళ్లకూ ఆసుపత్రి సిబ్బంది ఫోన్ చేసేవారు. ఎస్ఎంఎస్ అందుకున్నవాళ్లు మందులు మెరుగ్గా వాడారు, వైరస్ కూడా ఎక్కువమందిలో అదుపులోకి వచ్చింది. ఇది 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. దక్షిణ భారతంలో చేసిన ఇంకో అధ్యయనం 2014లో బీఎంజే అనే ఇంకో వైద్య పత్రికలో వచ్చింది. అందులో వారానికో ఆటోమేటిక్ కాల్, ఒక బొమ్మ మెసేజ్. రెండేళ్లు చూసినా పెద్ద తేడా రాలేదు.

రెండు చోట్లా పరిస్థితులు వేరు కాబట్టి ఒక్క కారణమే అని చెప్పలేం. నేను అర్థం చేసుకున్నదేమిటంటే, యంత్రం గుర్తుచేస్తే మనం కట్ చేస్తాం, మనిషి అడిగితే జవాబిస్తాం. కాబట్టి మీరు మెసేజ్‌ల మీద కాకుండా, జవాబు వచ్చాక ఎవరు మాట్లాడతారన్న దాని మీద ఖర్చు పెట్టండి.

గ్రూపులు అసలు పనికిరావని కూడా అనలేను. లాస్ ఏంజెలెస్‌లో మగవారితో సంబంధాలున్న మగవారిని మూసి ఉంచిన ఫేస్‌బుక్ గ్రూపుల్లో చేర్చి, వాళ్లలోనే శిక్షణ పొందినవాళ్ల చేత మాట్లాడించారు. హెచ్‌ఐవీ కబుర్లు నడిచిన గ్రూపుల్లో 44 శాతం మంది ఇంట్లో చేసుకునే టెస్ట్ కిట్ అడిగారు. మామూలు ఆరోగ్యం గురించి మాట్లాడిన గ్రూపుల్లో 20 శాతమే. వాళ్లంతా ముందే ఒప్పుకుని చేరినవాళ్లన్నది గమనించాలి.

జాలరిపేట
ఆదివారం, మధ్యాహ్నం 1:10

అక్కా, మా వైపు సంగతి కూడా కలుపుకోండి. బోటెక్కితే మావాళ్లు రెండు వారాల దాకా తిరిగి రారు. ఒడ్డు దాటాక సిగ్నల్ ఉండదు. మీ వారం వారం మెసేజ్ వాళ్లు హార్బర్‌లో దిగాక ఒకేసారి టింగు టింగుమని పడుతుంది, పక్కన పదిమంది ఉంటారు. వెళ్లేముందు మాట్లాడాలి, మందు ఎన్ని రోజులకు ఉందో అప్పుడే అడగాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, అందరూ ఇళ్ల దగ్గరే ఉంటారు. పరీక్షలకైనా, వీడియోలకైనా అదే అదను.

ఇంకోటి, మాలో పెద్దవాళ్లు చదవలేరు. మాట కావాలి. అలాగని వాయిస్ మెసేజ్ పంపితే స్పీకర్‌లో మోగుతుంది. మొదట ‘తీరికగా ఉన్నారా? ఫోన్ చేయనా?’ అని మాత్రమే పంపండి.

ఆటోనగర్
ఆదివారం, మధ్యాహ్నం 2:35

లారీ డ్రైవర్లదీ ఇదే కథ. పోర్టులో లోడు కోసం రోజంతా ఆగినప్పుడు ఫోనే కాలక్షేపం. వీడియో చూస్తారు. అందులో డ్రైవర్లను తప్పు చేసినవాళ్లలా చూపించారంటే అక్కడితో ఆపేస్తారు.

నిత్యమాత్ర
ఆదివారం, సాయంత్రం 4:15

కామెంట్ల గురించి ఎవరూ రాయలేదు. హెచ్‌ఐవీ మీద ఏ తెలుగు వీడియో కిందైనా చూడండి, ‘మా మూలికతో శాశ్వతంగా నయం, ఈ నంబరుకు కాల్ చేయండి’ అని ఉంటుంది. అది నమ్మి మందు మానేసినవాళ్లను ఏఆర్‌టీ సెంటర్ క్యూలో చూశాను. మానితే కొద్ది వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది. మధ్యమధ్యలో మానుతూ వాడితే ఆ మందు పనిచేయకుండా పోయే ప్రమాదం కూడా ఉంది. ప్రభుత్వం ఇచ్చే మాత్ర చాలామందికి రోజుకి ఒక్కటే, పైసా ఖర్చు లేదు. దాన్ని వదిలించి వేలకు వేలు లాగుతున్నారు.

ల్యాబ్‌కోటు
ఆదివారం, సాయంత్రం 4:50

నయం చేస్తామని చెప్పి మందు అమ్మకూడని జబ్బుల జాబితా ఒకటి డ్రగ్స్ రూల్స్‌లో ఉంది, షెడ్యూల్ జె అంటారు. అందులో మొదటి పేరే ఎయిడ్స్. అలాంటి నంబర్లు కనబడితే స్క్రీన్‌షాట్ తీసి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు చేయండి, తర్వాతే డిలీట్ చేయండి.

డిజిటల్‌గాజువాక
ఆదివారం, రాత్రి 8:00

అన్నీ చదివాక నా సలహా ఇది. సమాచారానికి వాట్సాప్ ఛానెల్ పెట్టండి, గ్రూపు కాదు. ఛానెల్‌లో ఫాలోయర్ల నంబర్లు ఒకరికొకరికి తెలియవు, మన కాంటాక్టుల్లో లేనివాళ్ల నంబర్లు అడ్మిన్‌కి కూడా కనిపించవు. పేరులో హెచ్‌ఐవీ వద్దు, ఆరోగ్యానికి సంబంధించిన మామూలు పేరు చాలు, లోగోలో ఎర్ర రిబ్బన్ కూడా వద్దు. మాట్లాడటానికి సంఘం పేరు మీద విడిగా ఒక ఫోన్, ఒక సిమ్. వలంటీర్ల సొంత ఫోన్లు వాడితే ఫేస్‌బుక్ కాంటాక్టులను పట్టుకుని ‘వీళ్లు మీకు తెలిసి ఉండొచ్చు’ అని చూపిస్తుంది. ఆ ఫోన్‌లో కాంటాక్టుల సింక్, చాట్ బ్యాకప్ ఆపేయండి. మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయేలా పెట్టండి. అయినా స్క్రీన్‌షాట్‌ని ఎవరూ ఆపలేరు, ఆ మాట ముందే చెప్పాలి. ‘నన్ను గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చు’ అన్న సెట్టింగ్, లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనబడకుండా చేసే సెట్టింగ్, ఈ రెండూ చూపించే వీడియో నేనే చేసిస్తాను, డబ్బులు వద్దు.

కొత్తసభ్యుడు_వైజాగ్
ఆదివారం, రాత్రి 9:30

మందు మొదలుపెట్టారు. కాస్త వికారంగా ఉంది అంతే. ఇవాళ రక్త పరీక్ష చేశారు, మళ్లీ ఎప్పుడు రావాలో రాసిచ్చారు. వాళ్లు నన్ను ఏమీ అనలేదు. అందరికీ థాంక్స్.

పాతఊరు65
ఆదివారం, రాత్రి 9:44

28 రోజులూ పూర్తి చెయ్యి నాయనా. తేడాగా ఉంటే డాక్టర్‌ని అడుగు, నీ అంతట నువ్వు మానకు.

పెదవాల్తేరు
సోమవారం, ఉదయం 7:30

రాత్రి మా వాళ్లతో కూర్చుని మాట్లాడాను. గ్రూపు పెట్టడం లేదు. ఛానెల్, సంఘం ఫోన్ పెడుతున్నాం. ఎవరైనా తమంతట తాము అడిగి, ఎలా ఉంటుందో తెలుసుకుని, సంతకం పెట్టి చేరతామంటే నలుగురైదుగురితో చిన్న గ్రూపు గురించి తర్వాత చూస్తాం. మొదటి వీడియో పెప్ మీదే. ల్యాబ్‌కోటు గారు మాటలు సరిచూస్తామన్నారు, జాలరిపేట తమ్ముడు తన గొంతులో చెప్పడానికి ఒప్పుకున్నాడు. తన ముఖం తెర మీద ఉండదు, ఎవరి ముఖమూ ఉండదు.

మిగిలిన చిక్కు ఫోన్ ఎవరు పట్టుకోవాలన్నది. పగలు మేం చూసుకుంటాం. మెసేజ్‌లు ఎక్కువగా వచ్చేది రాత్రి పది దాటాక అని మొన్నటి రాత్రే తెలిసింది. రాత్రి పది నుంచి ఒంటిగంట వరకు వారానికి ఒక రోజు కూర్చోగలిగినవాళ్లు కావాలి. కౌన్సెలర్ దగ్గర శిక్షణ ఇప్పిస్తాం. తెలియని ప్రశ్న వస్తే ఊహించి చెప్పకుండా, ‘పొద్దున కనుక్కుని చెబుతాను’ అనగలిగినవాళ్లయితే చాలు.

నిత్యమాత్ర
సోమవారం, ఉదయం 7:52

శుక్రవారం రాత్రి నాకు రాసుకోండి.

ఆటోనగర్
సోమవారం, ఉదయం 8:05

హిందీలో అడిగే డ్రైవర్లు కూడా ఉంటారు. నాకు హిందీ వచ్చు. మంగళవారం నాది.